గోపాల్‌పూర్ ఇసుక నుంచి మంచు దాకా దారి వేయండి: అధికారులకు, ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

కేంద్రంలో, రాష్ట్రంలో క్రీడల బాధ్యత, దివ్యాంగుల సంక్షేమం చూస్తున్న అధికారులకు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ప్రజాప్రతినిధులకు. ఈ ప్రాంతపు తెలుగు సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను బరంపురంలో మేధో వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ని. మాది దేవాంగుల ఇల్లు. నాన్న ఇప్పటికీ పట్టు మగ్గం నేస్తారు. నా తమ్ముడికి 24 ఏళ్ళు. పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. వాడు స్నోషూ పరుగు ఆటగాడు, అంటే బూట్ల కింద వెడల్పాటి చట్రాలు కట్టుకుని మంచులో పరిగెత్తుతాడు. మంచు ఆటల్లో దేశం తరఫున పరిగెత్తాలని వాడి కోరిక.

ఆ కోరిక కోసం రెండేళ్ళలో మూడు దరఖాస్తులు పెట్టాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. రసీదులు బీరువాలో ఉన్నాయి. ఏ ఆఫీసులో పెట్టామో ఇక్కడ రాయడం లేదు. ఒక్క ఆఫీసు పేరు రాస్తే మిగతావాళ్ళు ఇది మా సంగతి కాదనుకుంటారు. ఇందులో అందరి బాధ్యతా ఉంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు జట్టు సంగతి. మన దేశానికి మంచు ఆటల్లో దివ్యాంగుల జట్టు ఉందా అని బాగా చదువుకున్నవాళ్ళు కూడా నన్ను అడుగుతుంటారు. ఉంది. 2025 మార్చి 8 నుంచి 15 వరకు ఇటలీలోని టురిన్‌లో స్పెషల్ ఒలింపిక్స్ ప్రపంచ శీతాకాల క్రీడలు జరిగాయి. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జరిగే పోటీలివి. అక్కడ మనవాళ్ళు 33 పతకాలు గెలిచారు. 8 బంగారు, 18 వెండి, 7 కంచు. అంతకుముందు 2017లో ఆస్ట్రియాలో జరిగినప్పుడు 73 పతకాలు వచ్చాయి, అందులో 37 బంగారువే. ఈ రెండింటి మధ్య ఎనిమిదేళ్ళు ఖాళీగా పోయాయి. రష్యాలోని కజాన్‌లో 2022లో జరగాల్సినవి ముందు వాయిదా పడ్డాయి, తర్వాత పూర్తిగా రద్దయ్యాయి. ఆ ఎనిమిదేళ్ళలో ఎంతమంది పిల్లలు వయసు దాటి, సాధన మానేసి, ఇంట్లో కూర్చుండిపోయారో లెక్క రాసిన వాళ్ళు లేరు. తర్వాతి శీతాకాల క్రీడలు 2029లో స్విట్జర్లాండ్‌లో. అందుకే ఈ లేఖ ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఏడాది మొదలుపెడితేనే 2029కి మా జిల్లా నుంచి ఒక్కరైనా తయారవుతారు.

పారాలింపిక్స్ వేరు. శరీర వైకల్యం, చూపు లోపం ఉన్నవాళ్ళు ఆడే శీతాకాల పారాలింపిక్స్ 1976లో స్వీడన్‌లో మొదలయ్యాయి. 2022 బీజింగ్ వరకు 13 సార్లు జరిగాయి. ఒక్కసారి కూడా మన దేశం జట్టును పంపలేదు. బీజింగ్‌కు 46 దేశాలు వెళ్ళాయి. వేసవి పారాలింపిక్స్‌లో మనం ఎక్కడున్నామో మీకు తెలుసు. టోక్యోలో 19 పతకాలు, 2024 పారిస్‌లో 29. టోక్యోలో బ్యాడ్మింటన్ బంగారు పతకం తెచ్చిన ప్రమోద్ భగత్ మన ఒడిశాలో పెరిగినవాడే. అంటే ఆటగాళ్ళకు కొదవ లేదు. మంచు వైపు ఎవరూ దారి వేయలేదు, అంతే.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జీ గురించి మా బడిలో ప్రతి తల్లికీ చెబుతాను. కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ విభాగంలో 400 మీటర్లు పరిగెత్తి, 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్‌లో కంచు పతకం గెలిచింది. వేసవి పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు కొన్ని పోటీలున్నాయి. శీతాకాల పారాలింపిక్స్‌లో వాళ్ళకు చోటు లేదు. కాబట్టి మా తమ్ముడి లాంటి వాళ్ళకు మంచు మీద దేశం తరఫున ఆడాలంటే స్పెషల్ ఒలింపిక్సే ముఖ్యమైన తలుపు.

ఇక మా ఇంటి సంగతి. స్నోషూ అంటే మెత్తటి మంచులో కాలు దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రం. అది కట్టుకుని 25 మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా పరుగు పోటీలుంటాయి. మంచు లేనిచోట ఇసుకలో సాధన చేయొచ్చు. బరంపురం నుంచి గోపాల్‌పూర్ బీచ్ పదిహేను కిలోమీటర్లు. సరైన స్నోషూలు కొనే స్తోమత మొదట్లో మాకు లేదు. అక్కడి మత్స్యకారుల పేటలో తెలుగువాళ్ళే ఉంటారు. వాళ్ళలో ఒక పెద్దాయన రోజూ మమ్మల్ని చూస్తూ, "ఏటమ్మా, ఈ గుంటడు ఇసకలో అలా పరిగెడతన్నాడు?" అని అడిగారు. సంగతి చెప్పాను. వారం తర్వాత వెదురు బద్ద వంచి, నైలాను వల తాడు అల్లి, రెండు చట్రాలు చేసి తెచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. మా తమ్ముడు పదకొండు నెలలు వాటితోనే పరిగెత్తాడు. తడి ఇసుకలో ఒక రకం, పొడి ఇసుకలో ఇంకో రకం. మోకాలు ఎంత ఎత్తు లేపాలో, చట్రాలు ఒకదాని మీద ఒకటి పడకుండా కాళ్ళు ఎంత ఎడంగా వేయాలో అక్కడే నేర్చుకున్నాడు. మొదటి నెలంతా బోర్లా పడుతూనే ఉన్నాడు. నోట్లో ఇసుకతోనే నవ్వేవాడు.

తర్వాత ఒక క్యాంప్‌కు పిలుపు వచ్చింది, వెళ్ళాడు. బాగా చేశాడు. రెండో క్యాంప్‌కు, మంచు మీద జరిగేదానికి, పిలిచారు. తోడు వెళ్ళేవారి ఖర్చుకు, చలి బట్టలకు సాయం చేయమని దరఖాస్తు పెట్టాం. జవాబు కోసం ఎదురుచూస్తుండగానే చేరాల్సిన తేదీ దాటిపోయింది. ఆ రోజు వాడు బ్యాగు సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు. రైలు ఎన్నింటికి అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు. ఏం చెప్పాలో మాకు తెలియలేదు.

ఇది ఒక్క ఇంటి కథ అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. మా బడికి వచ్చే తల్లులు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి ఫోన్ చేసే వాళ్ళు చెప్పేవీ ఇవే. మామూలు కుటుంబాల మీద దీని దెబ్బ ఎలా పడుతోందో వరసగా రాస్తున్నాను.

1. తోడు వెళ్ళే మనిషి కూలి. మేధో వైకల్యం ఉన్న ఆటగాడు ఒంటరిగా ప్రయాణం చేయలేడు. రైల్లో రాయితీ ఉంది, స్లీపర్‌లో 75 శాతం, తోడు వచ్చేవారికి కూడా. అది మేం వాడుకున్నాం, మేలు మరిచిపోలేదు. కానీ టికెట్ ఒక్కటే ఖర్చు కాదు. మొదటి క్యాంప్‌కు నాన్న తోడు వెళ్ళారు. రానుపోను కలిపి పదకొండు రోజులు మగ్గం ఆగింది. సగంలో ఉన్న పట్టు చీర సగంలోనే ఉండిపోయింది. చీర దిగితేనే మా ఇంట్లో డబ్బు. షాపువాళ్ళు ఇచ్చిన గడువు దాటిందని తర్వాతి పడుగు వేరేవాళ్ళకు ఇచ్చారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. ఇవి విడిపించేలోపు రెండో పిలుపు వచ్చింది. రోజుకూలి చేసే ఇంట్లో అయితే ఈ పాటికి పిల్లాణ్ణి ఆట మానిపించేస్తారు. మానిపించిన ఇళ్ళు నాకు తెలుసు. వాళ్ళను తప్పు పట్టలేను. మిగతా ఇద్దరు పిల్లలు తినాలి కదా. చలి బట్టల సంగతి మరీ కష్టం. మా ఊళ్ళో స్వెట్టర్ దొరుకుతుంది గాని మంచులో వేసుకునే జాకెట్టు, నీరు ఇంకని చేతి తొడుగులు దొరకవు. తెప్పించుకుంటే నెల ఖర్చంత.

2. ఆట ఆగితే వైద్యం కూడా ఆగుతుంది. ఇది ఎక్కువమందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. స్పెషల్ ఒలింపిక్స్‌లో 1997 నుంచి ఆటగాళ్ళకు ఉచిత ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ఉంది. కళ్ళు, చెవులు, పళ్ళు, పాదాలు చూస్తారు. మా తమ్ముడికి ఎడమ చెవి సరిగ్గా వినిపించదని అలాంటి ఒక పరీక్షలోనే బయటపడింది. అప్పటికి వాడికి 19 ఏళ్ళు. పంతొమ్మిదేళ్ళపాటు మేమంతా వాణ్ణి మాట వినని మొండివాడనే అనుకున్నాం. పిలిస్తే పలకలేదని కొట్టాం. నేనూ కొట్టాను. బుద్ధి తక్కువ కాబట్టి వినడం లేదని డాక్టర్లూ అనుకున్నారు, చెవి చూసినవాళ్ళు లేరు. ఈ వాక్యాలు రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది. ఇప్పుడు చెవి మిషన్ పెట్టుకున్నాక వాడు అమ్మ వంటింట్లోంచి పిలిస్తే పరిగెత్తుకెళ్తాడు. ఒక ఆటల పోటీకి వెళ్ళకపోయి ఉంటే ఇప్పటికీ దెబ్బలు తింటూ ఉండేవాడు. మా జిల్లాలో ఆటకు రాని పిల్లల చెవులు, కళ్ళు ఎవరు చూస్తున్నారు? మొండి అని, పిచ్చి అని పేరు పెట్టించుకుని ఎంతమంది మూల కూర్చున్నారు?

3. భాష. సరిహద్దు జిల్లాల కష్టం ఇది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మామూలు మనిషికి రెండూ వచ్చేస్తాయి. మేధో వైకల్యం ఉన్న బిడ్డకు ఒక భాష రావడమే గొప్ప. మా తమ్ముడికి తెలుగే వచ్చు. క్యాంప్‌లో హిందీలో నేర్పారు. మలుపు దగ్గర తిరగమని కోచ్ "ముడో" అని అరిచారు. వాడు "మూడో" అని విని మూడో వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. చెప్పిన మాట విన్నానని సంతోషంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడట. చీటీలో "సూచనలు గ్రహించలేడు" అని రాశారు. కోచ్ మంచివారే, వాడితో ఓపికగానే ఉన్నారు. తెలుగు తెలిసిన ఒక్క మనిషి పక్కన ఉంటే ఆ మాట రాసేవారు కాదు. వైకల్యం ఎంత శాతమో తేల్చే పరీక్షల్లోనూ ఇదే జరుగుతోంది. పిల్లాడికి రాని భాషలో ప్రశ్నలు అడిగి జవాబు రాలేదని మార్కులు తగ్గిస్తే ఆ కాగితం వాడిని జీవితాంతం వెంటాడుతుంది.

4. మంచు మొదటిసారి చూసిన భయం. స్పెషల్ ఒలింపిక్స్‌లో ముందు ప్రాథమిక పరుగులు పెట్టి, దగ్గర దగ్గర సామర్థ్యం ఉన్నవాళ్ళను ఒక గుంపులో వేస్తారు. ఎవరూ కావాలని నెమ్మదిగా పరిగెత్తి తేలిక గుంపులోకి రాకూడదని ఒక నియమం ఉంది. ప్రాథమిక పరుగు కంటే ఫైనల్లో మరీ ఎక్కువ వేగం చూపిస్తే అనర్హులవుతారు. నియమం న్యాయమైనదే. కానీ జీవితంలో మొదటిసారి మంచు మీద కాలు పెట్టిన మా ప్రాంతపు పిల్లాడు మొదటి రోజు భయపడి నెమ్మదిగా వెళ్తాడు. రెండో రోజుకు అలవాటుపడి వేగం అందుకుంటాడు. వాడి నిజాయితీకే దెబ్బ తగులుతుంది. ముందుగా పది రోజులు చలిలో, మంచులో తిప్పితే ఈ బాధ ఉండదు.

5. అటూ ఇటూ కాని బతుకు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం గంటలోపు ప్రయాణం. పర్లాకిమిడి నుంచి పాతపట్నం అయితే పక్క వీధి లాంటిది. ఇక్కడి పిల్లల కోసం అడిగితే "మీరు తెలుగువాళ్ళు కదా, ఆంధ్రాలో ప్రయత్నించండి" అంటారు. అక్కడికి వెళితే "మీ కార్డు ఒడిశాది, మా జట్టులో కుదరదు" అంటారు. రెండు మాటలూ నేను చెవులారా విన్నాను. 1936లో గీత గీసినప్పుడు మా తాతలు ఏ వైపు ఉన్నారో ఈ పిల్లలకు ఏం తెలుసు? దివ్యాంగులకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుందంటారు. మరి శిక్షణ కూడా పక్క రాష్ట్రంలో తీసుకునేలా ఒక ఒప్పందం ఎందుకు ఉండకూడదు? సొంత రాష్ట్రం తరఫునే ఆడతారు, సాధన మాత్రం దగ్గరున్న చోట చేస్తారు.

6. ఆడపిల్లలు. మా బడిలో బాగా పరిగెత్తే అమ్మాయిలు నలుగురున్నారు. తోడుగా ఆడమనిషి వస్తుందని ఎవరూ కాగితం మీద హామీ ఇవ్వలేదు. నలుగురిలో ఒక్కరినీ తల్లిదండ్రులు క్యాంప్‌కు పంపలేదు.

7. కాళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు. వీళ్ళ సంగతి ఇంకా అన్యాయం, ఎందుకంటే వీళ్ళకు అడగడానికి దరఖాస్తు ఫారం కూడా లేదు. శీతాకాల పారాలింపిక్స్‌లో కూర్చుని వెళ్ళే స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పట్టీలు, ఉంటాయి. చూపులేని ఆటగాడికి ముందు ఒక గైడ్ వెళ్తూ మాటతో దారి చెబుతాడు. స్కీల మీద వెళ్తూ మధ్యలో ఆగి కాల్చే తుపాకీ పోటీలో చూపులేనివాళ్ళు గురి ఎటుందో చెవికి వినిపించే శబ్దాన్ని బట్టి తెలుసుకుంటారు. చక్రాల కుర్చీలో కూర్చుని కర్రతో రాయిని మంచు మీద తోసే కర్లింగ్ ఉంది. రాయగడలో చక్రాల బండి మీద కూరలు అమ్మే ఒకతనికి రెండు కాళ్ళూ లేవు. భుజాల బలం చూస్తే ఆశ్చర్యం. అలాంటి చేతుల బలంతోనే కూర్చుని స్కీ నడుపుతారని అతనికి ఫోన్లో వీడియో చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "మనకి కూడా ఉంటాదా టీచరమ్మా?" అని అడిగాడు. లేదని చెప్పాల్సి వచ్చింది.

మంచు పడని ప్రాంతంలో మంచు ఆటలేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఈ ప్రశ్న నన్ను ముఖం మీదే అడిగారు కాబట్టి జవాబు చెబుతాను. బ్రెజిల్ కూడా మాలాగే ఎండ దేశం. ఆ దేశం 2014 సోచి నుంచి శీతాకాల పారాలింపిక్స్‌కు వెళుతోంది. వాళ్ళ ఆటగాడు క్రిస్టియన్ రిబేరా తారు రోడ్డు మీద చక్రాల స్కీలతో సాధన చేసి, 2018లో పదిహేను కిలోమీటర్ల కూర్చుని చేసే స్కీ పోటీలో ఆరో స్థానంలో నిలిచాడు. స్పెషల్ ఒలింపిక్స్ శీతాకాల క్రీడల్లో ఫ్లోర్‌బాల్ ఉంది. దానికి మంచే అక్కర్లేదు. చిల్లులున్న ప్లాస్టిక్ బంతి, తేలికపాటి కర్రలు, ఒక హాలు చాలు. కల్యాణ మండపంలో కూడా ఆడొచ్చు. స్నోషూకు గోపాల్‌పూర్ ఇసుక ఉంది. స్కేటింగ్‌కు ముందు చక్రాల స్కేట్లు ఉన్నాయి. చలి అలవాటుకు కంధమాల్ జిల్లాలో దారింగ్‌బాడి ఉంది, దాదాపు 3000 అడుగుల ఎత్తులో. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అక్కడ గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. అసలైన ఐస్ కావాలంటే 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన ఐస్ స్కేటింగ్ హాలు ఏళ్ళపాటు మూతపడి, 2025లో మళ్ళీ తెరుచుకుంది. ఇవన్నీ ఉన్నవే. కొత్తగా కట్టమని నేను అడగడం లేదు.

ఇంకొకరు అన్నారు, స్పెషల్ ఒలింపిక్స్‌లో అందరికీ పతకాలిస్తారట కదా, దానికింత హడావుడి ఎందుకని. గుంపులు చేసి ఆడిస్తారు, నిజమే. బాక్సింగ్‌లో బరువును బట్టి గుంపులు చేయరా? ఒకరి స్థాయిలో ఉన్నవాళ్ళతోనే వాళ్ళకు పోటీ పెడతారు, ఆ గుంపులో గెలవాలి. మాట సరిగ్గా రాని పిల్లాడు వేరే దేశంలో, చెవులు గడ్డకట్టే చలిలో, వెయ్యిమంది ముందు, సొంతంగా బూటు పట్టీ బిగించుకుని లైనులో నిలబడటం వెనక ఎంత సాధన ఉంటుందో ఒక్క రోజు మాతో ఉంటే తెలుస్తుంది.

ఒడిశా 2018 నుంచి దేశపు హాకీ జట్లకు అండగా నిలబడింది. ఈ రాష్ట్రంలో ఉంటున్నందుకు ఆ విషయం నేను గర్వంగా చెప్పుకుంటాను. అందులో చాలా చిన్న భాగం ఈ పిల్లల వైపు తిప్పినా సరిపోతుంది. ఇది దయ చూపమని అడగడం కూడా కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులు క్రీడల్లో సరిగ్గా పాల్గొనేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలి, సౌకర్యాలు మార్చాలి, నిధులు కేటాయించాలి. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అదే ఏడాది మార్చిలో మనవాళ్ళు ఆస్ట్రియా నుంచి 73 పతకాలతో తిరిగొచ్చారు.

మేం కోరేవి ఇవి:

1. క్యాంప్‌కు ఎంపికైన ప్రతి ఆటగాడికీ, తోడు వెళ్ళే ఒకరికీ భోజనం, బస, పోయిన రోజుల కూలి ముందుగానే చేతికి ఇవ్వాలి. తిరిగొచ్చాక బిల్లులు పెట్టుకోమంటే అప్పు చేయగలిగినవాళ్ళే వెళతారు. ఇదొక్కటి జరిగినా సగం కష్టం తీరుతుంది. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది ఆలస్యం కాకూడదు.

2. దరఖాస్తుకు పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు. లేదంటే లేదనే చెప్పండి. బ్యాగు సర్దుకున్న పిల్లాడికి ఏదో ఒకటి చెప్పుకుంటాం.

3. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఒక్కో చోట ఫ్లోర్‌బాల్, స్నోషూ సాధన కేంద్రం. హాలు, సామాను, వారానికి మూడు రోజులు వచ్చే ఒక కోచ్. చలికాలంలో దారింగ్‌బాడిలో పది రోజుల శిబిరం. ఎంపికైనవాళ్ళకు పోటీకి ముందు నిజమైన మంచు మీద కనీసం పది రోజులు.

4. ప్రతి క్యాంప్‌లో, ప్రతి వైకల్య పరీక్షలో పిల్లల ఇంటి భాష తెలిసిన మనిషి. తెలుగు ఒక్కటే కాదు, సవర, కువి మాట్లాడే ఇళ్ళ పిల్లల కష్టం మాకంటే ఎక్కువ. ఆడపిల్లల వెంట ఆడ కోచ్ లేదా సహాయకురాలు తప్పనిసరి.

5. ఆటకు వచ్చినా రాకపోయినా, మేధో వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ఏడాదికోసారి చెవి, కన్ను, పన్ను పరీక్ష.

6. సరిహద్దు పిల్లలు పక్క రాష్ట్రంలో శిక్షణ తీసుకోవడానికి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం. సిరొంచ వైపు మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఇలాంటి ఒప్పందం పనికొస్తుంది.

7. 2030లో ఫ్రాన్స్ ఆల్ప్స్ పర్వతాల్లో జరిగే శీతాకాల పారాలింపిక్స్‌ను లక్ష్యంగా పెట్టుకుని ఆటగాళ్ళను వెతకడం ఇప్పుడే మొదలుపెట్టాలి. 2023 డిసెంబరులో, 2025 మార్చిలో ఢిల్లీలో జరిగిన ఖేలో ఇండియా పారా క్రీడల్లో ఒక్క మంచు ఆట కూడా లేదు. చక్రాల స్కీలతోనైనా ఒక పోటీ చేర్చండి. ఆ పోటీ ఉందని తెలిస్తే రాయగడ కూరలబ్బాయి లాంటివాళ్ళు తమంతట తామే వస్తారు.

తెలుగు సంఘాల పెద్దలకు విడిగా ఒక మాట. ఉగాదికి, సంక్రాంతికి మీరు హాళ్ళు తీసుకుని ఎంతో బాగా కార్యక్రమాలు చేస్తారు. ఆ హాళ్ళు మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటాయి. వారానికి రెండు సాయంత్రాలు ఫ్లోర్‌బాల్‌కు ఇవ్వండి. ప్రభుత్వం నుంచి జవాబు వచ్చేలోపు ఇది మన చేతుల్లో ఉన్న పని. మన ఇళ్ళలో ఇలాంటి బిడ్డ ఉంటే చుట్టాలు వచ్చినప్పుడు లోపలి గదిలోకి పంపే అలవాటు ఇంకా పోలేదు. మీ కార్యక్రమాల్లో ఒక్కసారి ఆ పిల్లలను స్టేజీ మీదకు కాకుండా ఆట మీదకు పిలవండి.

అధికారులకు నా చివరి మనవి. ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లో జవాబు కోరుతున్నాను. రాకపోతే చట్టం ఇచ్చిన హక్కు ప్రకారం దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తాం. నాతోపాటు సంతకం చేయడానికి పదిహేడు కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి. గొడవ పెట్టుకోవాలని మాకు లేదు. పిల్లలను ఆడించుకునే టైమే మాకు చాలడం లేదు.

ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి గోపాల్‌పూర్ బీచ్‌లో మా తమ్ముడు, ఇంకో ఆరుగురు పిల్లలు సాధన చేస్తారు. లైట్‌హౌస్ వైపు నుంచి వస్తే కనిపిస్తారు. మీలో ఎవరైనా రండి. వెదురు చట్రాలు ఒక జత ఎక్కువే ఉన్నాయి, కట్టుకుని ఇసుకలో వంద మీటర్లు పరిగెత్తి చూడండి. మా తమ్ముడు పక్కనే ఉండి కాళ్ళు ఎడంగా వేయడం నేర్పిస్తాడు.

ఇట్లు,
ఒక ఆటగాడి అక్క, ప్రత్యేక ఉపాధ్యాయురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా